ఒక ఫీజు, రెండు పరీక్షలు: ఇంగ్లీషు నెట్‌తో నా ఏడాది

2024 జూన్ యూజీసీ నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి జాతీయ అర్హత పరీక్ష) ఇంగ్లీషు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. అంటే ఒకసారి ఫీజు కట్టి రెండుసార్లు పరీక్ష రాసిన బ్యాచ్ అన్నమాట. సిలబస్ ఏమిటో, ఏ పుస్తకాలు కొనాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. మధ్యలో జరిగేదేమిటో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని గుర్తున్నంత వరకు వరసగా రాస్తున్నాను.

నేను తెనాలి దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. ఎంఏ అయి పదేళ్లు దాటింది. పెళ్లి, పాప, పొద్దున కాలేజీ, సాయంత్రం పేపర్లు దిద్దడం. వయసు ముప్పై మూడు. జేఆర్‌ఎఫ్‌కు (పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) ముప్పై ఏళ్లు దాటకూడదని విని చాలామంది ఆడవాళ్లు అక్కడే ఆగిపోతారు. స్త్రీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకైతే వయసు పరిమితే లేదు. ఈ సంగతి మా స్టాఫ్‌రూమ్‌లో సగం మందికి తెలియదు, నాకూ ఆ జనవరిలోనే తెలిసింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక మొదలుపెట్టాను. పేపర్ వన్ అందరికీ ఒకటే, యాభై బిట్లు, వంద మార్కులు. పేపర్ టూ మన సబ్జెక్టు, వంద బిట్లు, రెండొందల మార్కులు. రెండూ కలిపి ఒకే సిటింగ్‌లో మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు. ఇంగ్లీషుకు పది యూనిట్లు: నాటకం, కవిత్వం, నవల-కథ, వ్యాసం ఇలా మొదటి నాలుగు సాహిత్యం. తర్వాత భాషాశాస్త్రం-బోధన, ఇండియాలో ఇంగ్లీషు చరిత్ర, కల్చరల్ స్టడీస్, విమర్శ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సిద్ధాంతాలు, రీసెర్చ్ మెథడ్స్. ఎంఏలో మేం చదివిందంతా దాదాపు మొదటి నాలుగింట్లోనే ఉంది. మిగతా ఆరూ నాకు కొత్త ఊళ్లే.

ఆన్‌లైన్ కోర్సు ఒకటి తీసుకున్నాను, ఆరు వేలు. రికార్డెడ్ క్లాసులు, పీడీఎఫ్‌లు. ఆ పీడీఎఫ్‌లు ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే మరో పద్దెనిమిది వందలు అయింది. ఫోన్లో చదివితే నాకు బుర్రకెక్కదు, ఏం చేస్తాం. ఇవి కాక పేపర్ వన్ గైడు ఒకటి. పాత ప్రశ్నపత్రాలు, కీలు మాత్రం వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరికాయి. యూజీసీ వాళ్ల ఇ-పీజీ పాఠశాలలో థియరీ పాఠాలు కూడా ఉచితమే. నేను డబ్బు పెట్టి కొన్న నోట్సు కంటే అవి నయమని మార్చి దాకా తెలియలేదు.

మొదటి మూడు నెలలు తేదీలతోనే సరిపోయింది. ఎందుకంటే పాత పేపర్లు ముందేసుకుని చూస్తే, కాలక్రమంలో అమర్చండి, జతపరచండి అనేవే కుప్పలుగా ఉన్నాయి. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, అక్కడ పెన్సిల్‌తో గళ్లు గీసి ఏడాదికో వరస పెట్టాను. 1922 ఎదురుగా ది వేస్ట్ ల్యాండ్, యులిసిస్, జేకబ్స్ రూమ్. 1859 ఎదురుగా డార్విన్ పుస్తకం, మిల్ ఆన్ లిబర్టీ, డికెన్స్ టేల్ ఆఫ్ టూ సిటీస్, జార్జ్ ఎలియట్ ఆడమ్ బీడ్. ఒక్కో ఏడాది ఎంత నిండుగా ఉందో అలా గీస్తేనే కనిపించింది. ఇండియాలో ఇంగ్లీషుకు విడిగా ఒక షీటు: 1813 చార్టర్ చట్టం, 1823లో రామ్మోహన్ రాయ్ లార్డ్ ఆమ్‌హర్స్ట్‌కు రాసిన ఉత్తరం, 1835 మెకాలే మినిట్, 1854 వుడ్స్ డిస్పాచ్, 1857లో మూడు విశ్వవిద్యాలయాలు, 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్. ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అంటున్నది దాన్నే. పాప రెండో తరగతి. అన్నం తింటూ గోడ మీది అంకెలు గట్టిగా చదివేది, నేను పుస్తకం పేరు చెప్పాలి. మా అత్తగారికి కూడా 1798 నోటికొచ్చేసింది.

ఆ 1798లోనే ఒక తిరకాసు ఉంది. లిరికల్ బాలడ్స్ మొదటి ముద్రణ అప్పుడే. కానీ అందరూ ఉదహరించే వర్డ్స్‌వర్త్ ముందుమాట అందులో లేదు. అది 1800 ముద్రణలో వచ్చింది, 1802లో పెంచి రాశాడు. 1798లో ఉన్నది చిన్న ప్రకటన మాత్రమే. ఇలాంటి చోట్లే పేపర్ తయారుచేసేవాళ్లకు సరదా. నా స్పైరల్ నోట్సులో మాత్రం రెండూ కలిపి ఒకే ఏడాది వేసేశారు.

ఏప్రిల్ 20న అప్లికేషన్లు తెరిచారు. ఫారం నింపడం అరగంట పని అనుకున్నాను, రెండు వారాలు పట్టింది. జనరల్‌కు ఫీజు 1150, ఓబీసీ నాన్-క్రీమీలేయర్‌కు, ఈడబ్ల్యూఎస్‌కు 600, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు 325. నాది ఓబీసీ. అయితే రాష్ట్రంలో బీసీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన చాలదు. కులం కేంద్ర జాబితాలో ఉండాలి, నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో ఉండాలి. నా దగ్గరున్నది కాలేజీలో చేరేటప్పుడు తీసిన పాతది. సచివాలయంలో దరఖాస్తు పెట్టి, తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చేదాకా రోజూ స్టేటస్ చూసుకోవడమే. గడువు మొదట మే 10 అన్నారు, తర్వాత 15, ఆ తర్వాత 19కి పొడిగించారు. పొడిగించకపోయినా దొరికేదేమో గాని, ఆ రెండు వారాలు నేను ఒక్క పేజీ తిప్పితే ఒట్టు. నెట్ రాయాలనుకునేవాళ్లు చదువు కంటే ముందు ఈ కాగితం పని కానివ్వండి.

పరీక్ష కూడా మొదట జూన్ 16 అన్నారు. అదే రోజు సివిల్స్ ప్రిలిమ్స్ ఉండటంతో 18కి మార్చారు. అప్పటిదాకా కొన్నేళ్లుగా కంప్యూటర్ మీద జరుగుతున్నదాన్ని ఈసారి మళ్లీ ఓఎంఆర్ షీటు (పెన్నుతో గుండ్రాలు దిద్దే కాగితం) మీదికి తెచ్చారు, అదీ అన్ని సబ్జెక్టులకూ ఒకే రోజు. ఇది విని నేను సంతోషించాను. కాగితం మీద గీతలు గీసుకుంటూ చదవడం నాకు అలవాటు.

పేపర్ వన్ సంగతి చెప్పాలి. ఇంగ్లీషు వాళ్లకు దాని మీద చిన్నచూపు. లెక్కలు, డేటా పట్టికలు, కంప్యూటర్లు, పర్యావరణం, ఉన్నత విద్య చరిత్ర అన్నీ కలగాపులగం. కానీ మూడొందల్లో వంద అక్కడే ఉన్నాయి. అందులో భారతీయ తర్కం అని ఒక భాగం ఉంది. గైడులో వ్యాప్తి, హేత్వాభాస అని ఇంగ్లీషు అక్షరాల్లో వేసి, కింద ఇంగ్లీషులో వివరణ. నాలుగుసార్లు చదివినా మనసుకు పట్టలేదు. ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో మా తెలుగు మాస్టారు ఆ పేజీ చూసి, "ఏమ్మా, ఇంగ్లీషు పరీక్షకి తర్కశాస్త్రం కూడానా?" అని నవ్వి కుర్చీ ఇటు జరుపుకున్నారు.

"కొండ మీద నిప్పుంది. ఎలా తెలిసింది? పొగ వస్తోంది కనక. కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. పొగ ఉన్న ప్రతి చోటా నిప్పుంటుందన్న నియమం వ్యాప్తి. వంటింట్లో చూస్తున్నాం కదా, అది ఉదాహరణ. ఇక అర్థాపత్తి అంటావా, దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు ముద్ద ముట్టడు. అంటే?"

"రాత్రి తింటున్నాడు మాస్టారూ."

"అంతేనమ్మా. ఇందులో బట్టీ ఏముంది?"

టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆరు ప్రమాణాలు (దేన్నయినా తెలుసుకునే మార్గాలు), అయిదు హేత్వాభాసలు (తప్పుడు హేతువులు) అయిపోయాయి. ఆ తర్వాత ఆ భాగం మళ్లీ తెరవలేదు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషుకు వచ్చినవాళ్లం ఎక్కడెక్కడో వెనకబడి ఉంటాం గాని, ఇక్కడ మనమే ముందున్నాం.

జూన్ 18న గుంటూరులో పరీక్ష. సెంటర్ బయట తల్లులు, భర్తలు, చంకలో పిల్లలు. గేటు దగ్గర చెవిపోగులు, జడ క్లిప్పు తీయమన్నారు, పర్సు బయటే. మా ఆయన అవన్నీ రుమాల్లో మూటగట్టి జేబులో వేసుకున్నారు. లోపల ఫ్యాను కింద సీటు దొరికితే షీటు ఎగిరిపోతుంది, దొరక్కపోతే చెమట చుక్క ఓఎంఆర్ మీద పడుతుందని భయం. నాకు రెండోది. ఎడమ చేతి కింద రుమాలు పరుచుకుని మూడు గంటలూ గడిపాను. నూటయాభై గుండ్రాలు దిద్దడానికే పాతిక నిమిషాల దాకా పడుతుంది. ఈ లెక్క ముందే వేసుకోనివాళ్లు చివర్లో చూసుకోకుండా నింపడం కళ్లారా చూశాను. నాకు మాత్రం బాగానే రాశాననిపించింది. ఇంటికొచ్చి క్యాలెండర్ షీట్లు గోడ మీంచి తీసి, నోట్సుతో పాటు కట్టగట్టి అటక మీద పెట్టించాను. ఆ రాత్రి పట్టిన నిద్ర ఆరు నెలల్లో పట్టలేదు.

మర్నాడు రాత్రి, 19న, భోజనాలయ్యాక పరీక్ష రద్దయిందని వార్త. కేంద్ర విద్యాశాఖ ప్రకటన. సైబర్ నేరాల విభాగం నుంచి వచ్చిన సమాచారాన్ని బట్టి పరీక్ష పవిత్రత దెబ్బతిని ఉండవచ్చని, దర్యాప్తు సీబీఐకి ఇస్తున్నామని. దేశమంతటా తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన పరీక్ష. అప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ప్రశ్నపత్రం స్క్రీన్‌షాట్ తేదీ మార్చి తయారుచేసిందని సీబీఐ దర్యాప్తులో తేలినట్టు తర్వాత జులైలో పేపర్లలో వచ్చింది. అప్పటికి రద్దు రద్దే.

ఏడవలేదు. అంతకంటే నీరసం వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియదు. కాలేజీలో "మీ పరీక్ష పోయిందట కదా మేడమ్" అని పరామర్శకు వచ్చినట్టు పలకరించేవాళ్లు. మా అత్తగారు ఒక్కరే, "చదివింది ఎక్కడికి పోతుందే, మళ్లీ రాస్తావు," అని తేల్చేసి లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడన్నది తెలియకపోవడమే అసలు బాధ. జూన్ 28న కొత్త తేదీలు ప్రకటించారు: ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 వరకు, మళ్లీ కంప్యూటర్ మీద, మళ్లీ ఫీజు కట్టనక్కర్లేదు. తేదీ తెలిసిన రోజే అటక మీంచి కట్ట దించాను, కానీ విప్పలేదు.

విప్పకపోవడానికి కారణం ఉంది. జూన్ 18 పేపర్ గుర్తున్నంత వరకు ఒక నోటుబుక్కులో రాసుకుని చూసుకున్నాను. తేదీలు, జతలు నాకు బాగానే వచ్చాయి. జారిందంతా ఇచ్చిన కవిత, ఇచ్చిన వచనం చదివి జవాబు చెప్పాల్సిన చోట. సిలబస్ కాగితం అడుగున ఒక గమనిక ఉంటుంది: మొదటి నాలుగు యూనిట్లనూ పాసేజీల ద్వారా కూడా పరీక్షించాలని, అవి ఇంగ్లీషులో వచ్చిన సాహిత్యాలన్నిటికీ వర్తిస్తాయని. కోచింగుల్లో దాన్ని చదివి వదిలేస్తారు, ఎందుకంటే దాన్ని పీడీఎఫ్‌గా అమ్మలేరు. నైజీరియా కవి రావచ్చు, కరీబియన్ కథ రావచ్చు, పదిహేడో శతాబ్దపు ప్రసంగం రావచ్చు. పేర్లు బట్టీ పడితే అక్కడ పనికిరాదు.

అందుకని జులై, ఆగస్టు నెలలు నోట్సు పక్కనపెట్టి మూలాలు చదివాను. కాపీరైట్ తీరిన పాత పుస్తకాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం. ఎంఏ నాటి కవితా సంకలనాలు అమ్మావాళ్లింట్లో చెదపట్టకుండా ఉన్నాయి. పద్ధతి ఒకటే. కవి పేరు మీద కాగితం ముక్క పెట్టి కవిత చదవడం. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, మాట ఎక్కడ తిరిగింది, నడక ఏమిటి అని నాలుగు ముక్కలు రాసుకోవడం. తర్వాత కాగితం తీసి చూడటం. మొదట్లో పంతొమ్మిదో శతాబ్దాన్ని పదిహేడో శతాబ్దం అనుకునేదాన్ని. నెల తిరిగేసరికి కవి ఎవరో తెలియకపోయినా కాలం పట్టుకోవడం అలవాటైంది.

సానెట్ ఉందనుకోండి, పద్నాలుగు పాదాలు లెక్కపెట్టి ఊరుకుంటే లాభం లేదు. పాదాల చివర అక్షరాలు వేసుకోవాలి. మొదటి ఎనిమిది పాదాల్లో రెండే ప్రాసలు తిరుగుతుంటే పెట్రార్కన్. మూడు చతుష్కాలకు విడివిడి ప్రాసలు వచ్చి చివర జంట పాదం ఉంటే షేక్‌స్పియర్ పద్ధతి. ఒక చతుష్కం చివరి ప్రాస తర్వాతి దాన్ని అందుకుంటే స్పెన్సర్‌ది. మాట ఎక్కడ మలుపు తిరుగుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది, ప్రశ్న సాధారణంగా ఆ మలుపు మీదే. పద్యాలకు గణాలు విడగొట్టినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. కాకపోతే మనం గురువు, లఘువు చూస్తాం, అక్కడ ఊనిక చూడాలి. నోటితో పైకి చదవకపోతే ఊనిక దొరకదు. వంటింట్లో పోపు వేస్తూ ఐయాంబిక్ పెంటామీటర్ (పాదానికి అయిదు ఊనికలుండే నడక) గొణుక్కుంటుంటే పాప, "అమ్మా, మంత్రాలు చదువుతున్నావా?" అని అడిగింది.

పాసేజీ కింద నాలుగు ఆప్షన్లు ఇస్తారు. రెండు చూడగానే తప్పని తెలిసిపోతాయి. మిగిలిన రెండూ ఒప్పులాగే ఉంటాయి, తిప్పలు అక్కడే. ఆ రెండిట్లో ఒకటి పద్యంలో ఉన్నది, రెండోది మనం ఆ కవి గురించి విన్నదాన్ని బట్టి పద్యానికి అంటగట్టేది. ఏ పాదం నుంచి ఈ జవాబు తెచ్చావు అని నన్ను నేను అడిగి వేలు పెట్టి చూపించుకోగలిగితేనే టిక్కు. కవి పేరు మీద కాగితం పెట్టడం వల్ల వచ్చిన లాభం ఇదే, అంటగట్టడానికి ఏమీ ఉండదు. క్లాసులో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా ఇదే మొదలుపెట్టాను. వాళ్లకు సమ్మరీ కావాలి, వాళ్ల గొడవ వాళ్లది.

జతపరచండి బిట్లలో ఒక సులువు ఉంది. నాలుగు జతలూ తెలియాల్సిన పనిలేదు. కచ్చితంగా తెలిసిన ఒక్క జత పట్టుకుని ఆప్షన్లలో అది లేనివి కొట్టేస్తే సాధారణంగా రెండే మిగులుతాయి. రెండో జత తెలిస్తే అయిపోయింది. కాలక్రమం కూడా అంతే. ఉదాహరణకు డెరిడా జాన్స్ హాప్కిన్స్ ఉపన్యాసం, బార్త్ రచయిత మరణం వ్యాసం, ఫూకో రచయిత అంటే ఏమిటన్న ప్రసంగం, సయీద్ ఓరియెంటలిజం ఇచ్చారనుకోండి. 1966, 1967, 1969, 1978. మధ్య రెండూ తారుమారు కావచ్చు గాని, ఫూకో ప్రసంగం బార్త్ వ్యాసానికి తరువాయి అని తెలిసినవాడికి తేదీతో పనిలేదు. ఎవరు ఎవరికి జవాబు చెప్తున్నారో తెలిస్తే సంవత్సరం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. థియరీ యూనిట్ మొత్తం అలా చదివాకే నాకు దాని మీద భయం పోయింది. రీసెర్చ్ మెథడ్స్ యూనిట్ చిన్నది, దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. పరిశోధన వ్యాసంలో ఆధారాలు ఎలా చూపాలో చెప్పే ఎంఎల్ఏ హ్యాండ్‌బుక్ తొమ్మిదో ఎడిషన్ 2021లో వచ్చింది, పాత గైడుల్లో ఇంకా ఏడో ఎడిషన్ పద్ధతే ఉంది. అది చూసి కొనండి.

రెండోసారి సెంటర్ రాజమండ్రిలో పడింది. నేను పెట్టుకున్న ఊళ్లలో అదీ ఒకటే గాని, వస్తుందనుకోలేదు. ముందురోజే బయల్దేరాం, పాప అత్తగారి దగ్గర ఉండిపోయింది. బస్సు, లాడ్జి, ఆటోలు, టిఫిన్లు కలిపి రెండు వేల అయిదొందల దాకా అయింది. జూన్‌లో రెండొందలతో తేలిపోయిన ప్రయాణం ఇది. ఫీజు కట్టనక్కర్లేదన్నారు గాని మళ్లీ రాయడం ఉచితం కాదు. ఆ ఖర్చు, ఆ సెలవు కుదరనివాళ్లు ఎంతమందో తర్వాత ఫలితాల లెక్క చూస్తే తెలిసింది: జూన్‌లో తొమ్మిది లక్షల మందికి పైగా రాస్తే, రెండోసారి రాసింది 6,84,224 మంది.

కంప్యూటర్ మీద రాయడం వేరే విద్య. తెర పక్కన ప్రశ్నల అంకెలు గళ్లలో ఉంటాయి. జవాబు ఇచ్చినది ఆకుపచ్చ, చూసి వదిలేసినది ఎరుపు, తర్వాత చూద్దామని గుర్తుపెట్టుకున్నది ఊదా. పాసేజీ ఒక పక్క, ప్రశ్న ఒక పక్క. పొడుగు పాసేజీ అయితే మౌసుతో పైకీ కిందికీ జరుపుకుంటూ చదవాలి. నాకేమో గీతలు గీసుకునే అలవాటు. ఆగస్టులో రోజూ ల్యాప్‌టాప్ మీద చేతులు కట్టుకుని చదివి ఆ అలవాటు మాన్పించుకున్నాను. రఫ్ పేపరు ఇస్తారు, కాలిక్యులేటర్ ఉండదు. అందుకే డేటా పట్టికలోని శాతాలు చివరికి పెట్టుకున్నాను.

నేను ముందు పేపర్ టూ తెరిచాను. బుర్ర తాజాగా ఉన్నప్పుడు పాసేజీలు, ఆ తర్వాత జతలు, చివరి యాభై నిమిషాలు పేపర్ వన్. తర్కం బిట్టు ఒకటి కనబడగానే దేవదత్తుడు గుర్తొచ్చి నవ్వాగలేదు, ఇన్విజిలేటర్ నా వంక చూశారు. నెగెటివ్ మార్కులు లేవు కనక ఒక్క గడి కూడా ఎర్రగా వదల్లేదు. బయటికొచ్చాక జూన్‌లో కలిగిన ఆనందం కలగలేదు. ఈసారి నోట్సు అటక మీద పెట్టించలేదు కూడా, ఫలితం వచ్చేదాకా మంచం కిందే ఉంది.

నాది ఆగస్టులోనే అయిపోవడం అదృష్టం. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ వారంలో పరీక్ష పడిన నా స్నేహితురాలు రైళ్లు లేక, రోడ్డు తెగి, చివరికి వెళ్లలేకపోయింది. ఇంత చదివి పరీక్ష గదిలోకే వెళ్లలేకపోయినవాళ్ల అనుభవాలు ఎవరూ రాయరు.

సెప్టెంబరులోనే ప్రాథమిక కీ పెట్టారు. మన జవాబులూ కనిపిస్తాయి, అభ్యంతరం ఉంటే ప్రశ్నకు రెండొందలు కట్టి ఆధారం జతచేయాలి. ఆ డబ్బు వెనక్కి రాదు. ఒక ప్రశ్న మీద నాకు నమ్మకం ఉండి పుస్తకం పేజీలు స్కాన్ చేసి పెట్టాను. ఆధారంగా గైడు పేజీలు పెట్టకండి, మూల పుస్తకం టైటిల్ పేజీతో సహా పెట్టండి. నేను అడిగినదాన్ని మార్చారా లేదా అన్నది తుది కీ చూస్తేనే తెలుస్తుంది, విడిగా జవాబేమీ రాదు. నాది మార్చారు. రెండొందలకు రెండు మార్కులు.

అక్టోబరు 17న ఫలితాలు. ఆ సాయంత్రం సైటు తెరుచుకోలేదు. రాత్రి పదకొండున్నరకు మా ఆయన ఫోన్లో తెరుచుకుంది. ఆ ఏడాది నుంచి ఫలితం మూడు రకాలు: జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. అన్ని సబ్జెక్టులూ కలిపి మొదటి దాంట్లో 4,970 మంది, రెండో దాంట్లో 53,694 మంది, మూడో దాంట్లో 1,12,070 మంది. నాది రెండోది. జేఆర్‌ఎఫ్ అందలేదు. అది వస్తే మొదటి రెండేళ్లూ నెలకు 37,000 ఇస్తారు, నా జీతం కంటే ఎక్కువ. అందుకని ఆ రాత్రి సంతోషంతో పాటు ఆ అంకె కూడా కళ్లముందు తిరిగింది. మా ఆయన మాత్రం అత్తగారిని లేపి చెప్పారు. ఆవిడ "నే చెప్పలేదూ" అని మళ్లీ పడుకున్నారు.

స్కోర్‌కార్డు ఆ రాత్రే డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచాను. షిఫ్టుల మధ్య తేడా సరిచేసి పర్సంటైల్ వేస్తారు కనక, మీ మార్కులు పక్కింటివాళ్ల మార్కులతో పోల్చుకుని దిగులుపడకండి. అసలు సర్టిఫికెట్ వచ్చేసరికి మరికొంత సమయం పట్టింది, అప్పటిదాకా స్కోర్‌కార్డుతోనే పనులు నడిచాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఎప్పటికీ ఉంటుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి స్కోరు ఏడాదే చెల్లుతుంది, నెట్ స్కోరుకు డెబ్బై శాతం, ఇంటర్వ్యూకు ముప్పై శాతం వెయిటేజీ. అంటే ఫలితం చూసుకుని మిఠాయిలు పంచేలోపే యూనివర్సిటీల నోటిఫికేషన్లు వెతకడం మొదలుపెట్టాలి. ఒక్కో దరఖాస్తుకు ఒక్కో ఫీజు, ఒక్కోచోట పరిశోధన ప్రతిపాదన ఒక్కో పొడవులో అడుగుతారు.

కాలేజీలో సర్టిఫికెట్ జిరాక్సు తీసుకున్నారు. ఇంక్రిమెంట్ సంగతి అడిగితే సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు. నేను ప్రతిపాదన రాసుకుంటున్నాను, ఇండియాలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల మీద. క్యాలెండర్ షీట్లలో ఆ ఇండియా షీటొక్కటి మళ్లీ గోడ ఎక్కింది.